వెనక సీటు ఉస్తాద్

పోయిన నెల నాంపల్లిలో మెట్రో స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ ముందు నిలబడి నేను పైకే నవ్వేశాను. అది శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. కింద అగరొత్తులు వెలుగుతున్నాయి. చేతులు కట్టుకుని నిలబడ్డ ఇద్దరు మెకానిక్కులు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

కానీ ఏం చేయను? ఆ ఫ్లెక్సీలో ఉస్తాద్ ఒక ఎర్రటి మోటార్‌సైకిల్ మీద మంచుకొండల మధ్య మలుపు తిరుగుతున్నాడు. మోకాలు రోడ్డుకు రాసుకుపోయేంతగా వంగి ఉన్నాడు. తల మాత్రం ఏదో గుర్తింపు కార్డులోంచి కోసి అతికించినట్టున్నారు, అది నిట్టనిలువుగా, కాస్త బెదిరినట్టు మనవైపే చూస్తోంది. నవ్వాక ఏడుపొచ్చింది. ఆయన పోయిన సంగతి నాకు ఆ ఫ్లెక్సీయే చెప్పింది మరి.

అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు, నేను "ఉస్తాద్ గారూ" అనేదాన్ని. "ఉస్తాద్ అన్నంక మల్ల గారేందమ్మా, చీరె మీద లుంగీ కట్టినట్టు" అని ఆయన వెక్కిరించేవాడు. మా వాళ్ళు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డారు, గారు లేకుండా మాకు నోరు తిరగదు.

నేను ఆయన దగ్గరికి చేరింది మా మేనమామ బండి వల్ల. మామయ్య బ్రహ్మచారిగానే పోయాడు. ఆయన మోటార్‌సైకిల్ నాకంటే వయసులో పెద్దది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. గేర్లు పైకి ఒకటి, కిందికి మూడు. మామయ్య మేనల్లుళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో వంకతో తప్పుకున్నారు. ఒకరికి నడుం నొప్పి, ఒకరికి పార్కింగు లేదు, ఒకరి భార్యకి ఆ చప్పుడంటే తలనొప్పి. "నాకివ్వండి" అన్నాను. నలభై ఏళ్ళ ఆడమనిషి, ఆఫీసులో ఫైళ్ళు తిప్పుకునేది, మోటార్‌సైకిల్ నడుపుతుందా అని అందరూ నవ్వారు. ఆ నవ్వుకి మండి రెండు నెలల్లో నేర్చుకున్నాను.

నేర్చుకున్నాక తెలిసింది, బండిలోనే తేడా ఉందని. రెండో గేరు నుంచి మూడుకి నొక్కితే అది రెండులోనూ ఉండదు, మూడులోనూ పడదు. ఇంజను గావుకేకలు పెడుతుంది, బండి ముందుకు పోదు. ఈ రోగం సరిగ్గా బషీర్‌బాగ్ సిగ్నల్ దాటగానే, వెనక నాలుగు బస్సులు ఉన్నప్పుడే వచ్చేది. ముగ్గురు మెకానిక్కులు మూడుసార్లు గేర్‌బాక్సు విప్పి మూడు రకాల నట్లు మిగిల్చారు. నాలుగోవాడు, "పాత బండ్ల గేర్లకైతే ఉస్తాద్ దగ్గరికే పోవాలె" అని నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులోకి వేలు చూపించాడు.

వెళ్ళేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని సగం చాయ్ తాగుతున్నాడు. సగం చాయ్ అని ఎందుకంటున్నానంటే, పూర్తి చాయ్ తాగగా నేనెప్పుడూ చూడలేదు. బండి ఎక్కే ముందు సగం, దిగాక సగం. ఆ మధ్యలో గ్లాసు మీద సాసరు మూత. నేను బండి రోగం చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"మీరు చెప్పకుండ్రి అమ్మా. మనిషి చెప్తే అబద్ధాలు కలుస్తయి. బండినే చెప్పనీ."

లోపలికి వెళ్ళి ఒక మెత్త పట్టుకొచ్చాడు. చదరంగా, పల్చగా, అప్పడమంత మందాన ఉంది. దాన్ని నా వెనక సీటు మీద పరిచి, దాని మీద ఆయన కూర్చున్నాడు. మనిషి మంచి దిట్టం, బండి కిర్రుమంది. రెండు చేతులూ తన మోకాళ్ళ మీదే పెట్టుకున్నాడు, దేన్నీ పట్టుకోలేదు. కళ్ళు మూసుకున్నాడు.

"నడవనీ. ఆబిడ్స్, బషీర్‌బాగ్, మల్ల వాపస్. మాట్లాడొద్దు."

అదీ ఆయన పరీక్ష. స్పానరు ముట్టుకోడు, ఇంజను మీద చెవి పెట్టడు. యజమాని నడపాలి, ఆయన వెనక కూర్చుని ఒళ్ళంతా చెవి చేసుకుని వినాలి. నేను గేరు మార్చినప్పుడల్లా వెనకనుంచి ఒక్కో మాట వచ్చేది: "ఔ." "ఔ." "ఊహూ." "మల్ల." "ఊహూ." బషీర్‌బాగ్‌లో బండి యథాప్రకారం కేకలు పెట్టింది. వెనక బస్సువాడు హారన్ కొట్టాడు. ఉస్తాద్ కళ్ళు తెరవకుండానే బస్సు వైపు చెయ్యెత్తి, "జర ఆగు, ఇంటున్న" అన్నాడు. ఆ బస్సువాడు నిజంగానే ఆగాడు.

తిరిగొచ్చాక మిగతా సగం చాయ్ తాగి తీర్పు చెప్పాడు. "మూడో గేరు తప్పేం లేదు. రెండోదే దాని చెయ్యి ఇడుస్తలేదు. లోపల గేరును జరిపే ఫోర్కు ఒక్క దిక్కే అరిగింది. గీ బండి నడిపినాయన రెండో గేర్లనే బతికిండు, మూడోది ముట్టలే. ఏందమ్మా, ఆయన పెండ్లి చేసుకోలేదా?"

గేర్‌బాక్సు విప్పితే ఫోర్కు ఒకవైపే అరిగి ఉంది. మామయ్య పెళ్ళి సంగతి ఏ ఫోర్కు మీద రాసి ఉందో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఈ వెనక సీటు వైద్యం గురించి ఊరంతా కథలు. ఖైరతాబాద్ నుంచి ఒక పెద్దమనిషి ఒంటి సీటు బండి తెచ్చాడు. దానికి వెనక కూర్చునే చోటే లేదు. ఉస్తాద్ చుట్టూ తిరిగి చూసి, "ముందుగాల ఎనక క్యారేజీ పెట్టిచ్చుకొని రాండ్రి, గప్పుడు ఇంట" అని పంపేశాడు. ఆ పెద్దమనిషి రెండు నెలలు తిరిగి, అసలు సిసలు పాత క్యారేజీ వెతికి, పెట్టించుకుని మరీ వచ్చాడు. ఇది చూసి సందులో మిగతా మెకానిక్కులు కూడా మెత్తలు కుట్టించుకున్నారు. వాళ్ళలో ఒకతను ఆబిడ్స్ చేరేలోపు యజమాని వీపు మీద తల ఆనించి నిద్రపోయాడట. లేచి, "క్లచ్ పోయింది" అన్నాడట. అది స్కూటీ. దానికి క్లచ్ మీటే ఉండదు.

నేను మాత్రం ఈ పద్ధతిని పూర్తిగా నమ్మాను. ఒక మధ్యాహ్నం దాకా.

ఆ రోజు చిన్న చప్పుడేదో వస్తోందని మళ్ళీ తీసుకెళ్ళాను. ఆయన మెత్త వేసుకుని కూర్చున్నాడు. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరికి రాగానే నా కుడికాలి పిక్క పట్టేసింది. పట్టేయడమంటే మామూలుగా కాదు, రాయి. బండి పక్కకి తీసి ఆపి కుంటుతూ దిగాను. గేరు కుడికాలికే కదా, ఇక నా వల్ల కాదు.

"ఉస్తాద్ గారూ, మీరు నడపండి. నేను వెనక కూర్చుంటాను."

ఆయన గబగబా దిగి రోడ్డు వైపు చూశాడు. "ఆటో పిలుస్త అమ్మా, మీరు ఆటోల పోండ్రి" అన్నాడు.

"మరి బండి?"

"నేను తెస్త."

"తెస్తే నన్ను కూడా ఎక్కించుకోవచ్చుగా?"

నన్ను బండి మీద అడ్డంగా కూర్చోబెట్టి, హ్యాండిల్ పట్టుకుని తొయ్యడం మొదలుపెట్టాడు. బాగా నడిచే బండి, నిండా పెట్రోలు, పైన నేను. ఎండలో ఆబిడ్స్ నుంచి నాంపల్లికి. దారిలో ప్రతి దుకాణంవాడికీ ఆయన తెలుసు. "ఏమైంది ఉస్తాద్?" అని ఒకడు. "పెట్రోల్ ఖతమైంది" అన్నాడు ఈయన. వాడు పరుగున వెళ్ళి సీసాలో పెట్రోలు తెచ్చి, వద్దు వద్దంటున్నా ట్యాంకు మూత తీసి పోశాడు. నిండుగా ఉన్న ట్యాంకు పొర్లి నా డ్రెస్సు తడిసింది. "ఇంక స్టార్ట్ చెయ్యి" అన్నాడు వాడు సంతోషంగా. "ప్లగ్ గూడ పోయింది" అని ఉస్తాద్ మళ్ళీ తొయ్యసాగాడు. నాలుగు అడుగులు పోయామో లేదో ఇంకొకడు ప్లగ్గు పట్టుకుని వచ్చాడు.

దుకాణం చేరి స్టూలు మీద కూలబడ్డాడు. నేను నెమ్మదిగా అడిగాను. "మీకు బండి నడపడం రాదా?"

సందు అటూ ఇటూ చూశాడు. షట్టర్ సగం దించాడు.

"రాదమ్మా."

నాకు నవ్వు రాలేదు. ఆయన చెప్పిన తీరు అలాంటిది.

"పని నేర్చుకునేటప్పుడు మా ఉస్తాద్ గిరాకీ బండ్లు ముట్టనియ్యలే. ఇరవైల అడగనీకె ధైర్యం లేదు. ముప్పైల సిగ్గయింది. నలభైకి పేరొచ్చింది. పేరొచ్చినంక ఇంక ఎవర్ని అడగాలె? గందుకే ఎనక కూసునుడు షురూ చేసిన. వాళ్ళు నడిపితే నేను ఇనేటోణ్ణి. ఇనంగ ఇనంగ నిజంగనే ఇనొచ్చింది."

"ఇంట్లో తెలుసా?"

"అదే అసలు ఫికర్." గొంతు తగ్గించాడు. "పెండ్లయినప్పటి సంది మా ఆమె ఒక్కటే అడుగుతది, ఒక్కసారన్న నన్ను ట్యాంక్‌బండ్ మీద తిప్పు అని. గిరాకీ బండ్ల మీద పెండ్లాన్ని తిప్పుడు హరామ్, పాపం తగులుతది అని చెప్తూ వచ్చిన. నలభై ఏండ్లు. దుకాణం పోతే పోనీ, ఇంట్ల ఏం మొఖం పెట్టుకోవాలె?"

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆ మాట మీద మా ఇద్దరికీ ఓ ఏడాది బాగానే గడిచింది. ఆ తర్వాత పాత బండ్ల సంఘం వాళ్ళు ఆయనకి సన్మానం తలపెట్టారు. అధ్యక్షుడు రిటైరైన ఇంజనీరు, దేన్నైనా ఘనంగా చేస్తే తప్ప నిద్రపట్టని మనిషి. ఆదివారం పొద్దున, నాంపల్లిలో ఏటా ఎగ్జిబిషన్ పెట్టే నుమాయిష్ మైదానం నుంచి ఆబిడ్స్ మీదుగా బషీర్‌బాగ్ ఫంక్షన్ హాలు దాకా పాత బండ్ల ఊరేగింపు, అన్నిటికంటే ముందు ఉస్తాద్ స్వయంగా బండి నడుపుతూ రావాలి. భార్యాసమేతంగా సన్మానం కాబట్టి ఆవిడని ముందే హాలుకి తీసుకెళ్తారు. కరపత్రాలు కూడా వేసేశారు.

ఉస్తాద్ ఆ కరపత్రం పట్టుకుని మా ఆఫీసుకే వచ్చాడు. నా టేబుల్ ముందు నిలబడి, "పన్నెండు రోజులున్నయమ్మా, నేర్పుండ్రి" అన్నాడు.

రోజూ పొద్దున్నే నుమాయిష్ మైదానంలో, వాకింగ్ వాళ్ళు తప్ప ఎవరూ లేని వేళ మొదలుపెట్టాం. నేను ఇంత సులువైన శిష్యుడు దొరకడనుకున్నాను. గేర్‌బాక్సు లోపల ఉన్నదంతా తెలిసిన మనిషికి గేరు మార్చడం ఓ లెక్కా? అక్కడే పప్పులో కాలేశాను.

"క్లచ్ పట్టండి."

"పడితే లోపల ప్లేట్లు ఇడిపోతయి."

"విడిపోనివ్వండి! అందుకే కదా పట్టేది."

"పాతయి అమ్మా. ఊకె ఇడదీసుడెందుకు పాపం."

మొదటి గేరు మాత్రం వచ్చింది. నాలుగో రోజుకి మైదానం చుట్టూ తిరిగేశాడు. రెండోది పడలేదు. పాదం లీవరు మీద పెట్టి ఆలోచించేవాడు. "ఇప్పుడు ఫోర్కు కదలాలె. ఫోర్కు కదిల్తే గేరు జరగాలె. జరిగి గాడ పోయి దాని పక్కదాంట్ల కూసోవాలె..." ఆ గేరు అక్కడ కూర్చునేలోపు బండి ఆగిపోయేది.

"మీరు ఆలోచించకండి, నొక్కండి చాలు. నేనేమన్నా ఆలోచిస్తున్నానా?"

"మీకు తెల్వది కాబట్టి నొక్కుతున్నరు. నాకు లోపలున్నయన్ని కనబడుతున్నయి. కనబడినంక ఎట్ల నొక్కాలె?"

నాకు కోపం వచ్చేది. చిన్నప్పటి లెక్కల టీచరు నా మీదకి వచ్చినట్టు అరిచేదాన్ని. వాకింగ్‌కి వచ్చే ఒక పెద్దావిడ ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, "మొగుణ్ణి నలుగుర్ల గట్ల తిట్టద్దమ్మా" అని హితవు చెప్పింది. పన్నెండో రోజు కూడా రెండో గేరు పడలేదు. ఉస్తాద్ హ్యాండిల్ మీద తల ఆనించాడు. "రేపు ఆమె ముందల పరువు పోతదమ్మా" అన్నాడు. నా అరుపులకి నాకే సిగ్గేసింది.

"ఫస్టులోనే పోనివ్వండి. ఎవరడుగుతారు?" అన్నాను. అడుగుతారనే అనుకున్నాను, నిజానికి.

ఆదివారం పొద్దున మెడలో పూలదండతో, మా మామయ్య బండి మీద, ఉస్తాద్ మైదానం గేటు దాటాడు. నేను ఆయన పక్కనే ఫుట్‌పాత్ మీద నడుస్తున్నాను. ఆయన వేగానికి అది చాలు. వెనక నలభై యాభై పాత బండ్లు. మొదట వాళ్ళు రెండో గేరు వేసి, ఉస్తాద్‌ని గుద్దబోయి, మళ్ళీ ఫస్టుకి వచ్చారు. ఇంకోసారి ప్రయత్నించారు. ఆ తర్వాత వెనక గుసగుస మొదలైంది. అధ్యక్షుడు పక్క బండివాడికి చెప్పడం నా చెవుల్తో విన్నాను: "గమనించారా? ఒక్క గేరు. ఒక్కటే గేరు. బండి అసలు గుణం ఫస్టులోనే తెలుస్తుంది." ఆ మాట వెనక్కి వెనక్కి పాకింది. అంతే, మొత్తం సంఘం భక్తిగా ఫస్టు గేరులో పడింది.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాళ్ళు దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. సంఘం సభ్యుడొకాయన బండి దిగకుండా, ఆపకుండా ఒక డిక్షనరీ బేరమాడి కొని, చిల్లర కూడా తీసుకున్నాడు. చిల్లర ఇచ్చినవాడు పక్కన నడిచాడు, పరుగెత్తలేదు. ఇంజన్లు కాలిపోతున్నాయి. మూడు బండ్లు పోస్టాఫీసు దగ్గరే పొగలు కక్కి ఆగిపోయాయి. వాటి యజమానులు, "మా బండిలో లోపం బయటపెట్టాడు మహానుభావుడు" అని అక్కడినుంచే నమస్కారాలు పెట్టారు. ఆటోవాళ్ళు మాత్రం మమ్మల్ని దాటిపోతూ వేరే మాటలన్నారు.

హాల్లో ముందు వరసలో ఆయన భార్య కూర్చుని ఉంది. భారీ మనిషి, కొత్త పట్టుచీర, ఒళ్ళో పర్సు గట్టిగా పట్టుకుని. అధ్యక్షుడు అరగంట మాట్లాడి, ఒక్క గేరు రహస్యాన్ని ఉస్తాద్ నోటనే వినాలని మైకు ఆయన చేతిలో పెట్టాడు.

ఉస్తాద్ భార్య వైపు చూశాడు. నావైపు చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

"నాకు బండి నడుపుడు రాదు" అన్నాడు.

హాలు ఘొల్లుమంది.

"నిజంగనే రాదు. ఫస్ట్ గేరు దాకనే వస్తది. అది గూడ గీ అమ్మ పన్నెండు రోజులు నేర్పితే వచ్చింది."

ఇంకా నవ్వారు. ఎవరో ఈల వేశారు. నా పక్కనున్నాయన కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత వినయమండీ" అన్నాడు.

"మీ అందరి బండ్ల ఎనక కూసున్నది గందుకే. నాకు నడుపుడు రాక."

చప్పట్లతో పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. లేచి నిలబడి కొట్టారు. నలభై ఏళ్ళు గుండెల్లో దాచుకున్న మాటని ఆయన మైకులో మూడుసార్లు చెప్పాడు, ఒక్కరూ నమ్మలేదు. ఆయన భార్య తప్ప. ఆవిడ నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

శాలువాలు, ఫొటోలు అయ్యాక బయట బండి దగ్గర ముగ్గురం నిలబడ్డాం. ఆయన తలెత్తలేదు.

"నిజమేనా?" అని అడిగింది ఆవిడ.

"ఔ."

"నాకెందుకు చెప్పలే?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను లావుంటనని తీస్కపోతలేవనుకున్న" అంది. "నన్ను ఎనక కూసోవెట్టుకుంటే నలుగురు నవ్వుతరని, నీకు నామోషీ అనుకున్న. గందుకే కొన్నేండ్ల సంది ఉత్తగనే అడిగిన. నువ్వు కాదంటవని ఎరికే."

గేరు చప్పుడు విని మామయ్య పెళ్ళి సంగతి చెప్పగలిగిన మనిషి, ఇంట్లో ఇంతకాలం ఇది వినలేకపోయాడు. నాకు అక్కడ నిలబడటం కష్టమైపోయింది, కానీ కదిలితే చప్పుడవుతుందేమోనని అలాగే నిలబడ్డాను.

"నీ మీద ఒట్టే. నాకు రాకనే" అన్నాడు చివరికి.

ఆవిడ పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. బండిని పైనుంచి కిందికి చూసింది. "అయితే ఎక్కించుకో."

"ఫస్ట్ గేరే వస్తది."

"అదే కానీ."

ఆయన ఎక్కాడు. ఆవిడ నా భుజం పట్టుకుని, రెండుసార్లు తప్పి, మూడోసారి ఎక్కింది. బండి బాగా కుంగింది. కిక్కు కొట్టాడు, క్లచ్ పట్టాడు, ఈసారి ప్లేట్ల గురించి ఏమీ అనలేదు. కదిలారు. గేటు దాటి ఇంటివైపు తిరగాల్సింది పోయి ట్యాంక్‌బండ్ వైపు తిప్పాడు. నేను లిబర్టీ చౌరస్తా దాకా వాళ్ళ వెనకే నడిచాను, వాళ్ళు ఆగిపోతే తొయ్యడానికి ఎవరైనా ఉండాలి కదా అని. ఆగలేదు. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు, ఇద్దరిలో ఒక్కరూ తిరిగి చూడలేదు. ఆవిడ మొదట సీటు పట్టుకుంది, కాస్త దూరం పోయాక ఆయన భుజం పట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది, నా హ్యాండ్‌బ్యాగు ఆ బండి హ్యాండిల్‌కే వేలాడుతోందని. ఫోను, డబ్బులు, ఇంటి తాళాలు అన్నీ అందులోనే ఉన్నాయి. నాలుగు అంగలేస్తే అందుకోగలను, పిలిస్తే వినపడుతుంది కూడా. పిలవలేదు. హిమాయత్‌నగర్ వైపు తిరిగి, ఎండలో నడుచుకుంటూ ఇంటికి వెళ్ళి, మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చున్నాను.